అల్ గ్రీన్ పాట: అరవకుండా గాస్పెల్ పాడటం

గుంటూరులోనైనా బెజవాడలోనైనా చర్చి క్వయర్లకు గాస్పెల్ పాట గురించి ఒక లెక్క స్థిరపడిపోయింది. శ్రుతి పైకి, గొంతు బయటికి, ఎకో నిండుగా. అమెరికా దక్షిణాది నల్లవాళ్ళ చర్చిల్లో పాడే వీడియోలు చూసి నేర్చుకున్నామని అంటారు గానీ, ఆ వీడియోల్లో మనవాళ్ళు పట్టుకునేది చివరి రెండు నిమిషాల కేకలే. వాటికి ముందు పావుగంట సేపు గాయకుడు ఏం దాచుకున్నాడో పట్టించుకోరు. ఆ దాచుకోవడం నేర్చుకోవాలంటే వినాల్సిన మనిషి అమెరికా సోల్ గాయకుడు అల్ గ్రీన్. సోల్ అంటే గాస్పెల్ నుంచి పుట్టిన నల్లవాళ్ళ లోకపు పాట. ఆయన గొంతు పెద్దదేం కాదు. సోల్ గాయని అరిథా ఫ్రాంక్లిన్ పక్కన పెడితే సన్నం. ఆ సన్నని గొంతుతోనే 1970ల మొదట్లో ఏడాదికి రెండు మూడు పాటలు పది లక్షల కాపీలు దాటాయి. తర్వాత ఆ గొంతే పాస్టర్ గొంతు అయింది.

ముందు ఆయన కథ. ఆర్కన్సా రాష్ట్రంలో ఫారెస్ట్ సిటీ అనే చిన్న ఊరు. 1946 ఏప్రిల్ 13న అక్కడ పుట్టాడు. పదిమంది పిల్లల్లో ఆరోవాడు. తండ్రి కౌలురైతు, అంటే పంటలో వాటా దొరకి ఇచ్చి, మిగిలినదాంతో బతికే మనిషి. అన్నదమ్ములు కలిసి గ్రీన్ బ్రదర్స్ అని చర్చిల్లో పాడేవారు. తర్వాత కుటుంబం ఉత్తరాన మిషిగన్‌లోని గ్రాండ్ ర్యాపిడ్స్‌కి వెళ్ళిపోయింది. ఇంట్లో పాప్ గాయకుడు జాకీ విల్సన్ రికార్డు పెట్టుకుని విన్నందుకు తండ్రి బయటికి పొమ్మన్నాడు. లోకపు పాట అన్నమాట. ఈ గొడవ మన సంఘాల్లో పెరిగినవాళ్ళకి విప్పి చెప్పనక్కర్లేదు. ఇంట్లో సినిమా పాట హమ్ చేస్తేనే ముఖం ముడుచుకునే పెద్దవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

స్నేహితులతో కలిసి పాడిన ‘బ్యాక్ అప్ ట్రెయిన్’ 1967లో వచ్చి కాస్త ఆడింది. తర్వాత ఏమీ ఆడలేదు. అలా ఉండగా టెక్సస్‌లో విల్లీ మిచెల్ అనే ట్రంపెట్ వాద్యగాడి బ్యాండుతో పాడే పని పడింది. మిచెల్ అప్పటికే మెంఫిస్‌లో హై రికార్డ్స్ కంపెనీకి పాటలు చేస్తున్నాడు. నాతో రా, స్టార్‌ని చేస్తానన్నాడు. అల్ గ్రీన్ పేరు చివరి ఇంగ్లిష్ అక్షరం ఒకటి తీసేసి మెంఫిస్‌లో దిగాడు. అసలు పాఠం ఇక్కడే మొదలవుతుంది.

మిచెల్ స్టూడియో పేరు రాయల్. పాత సినిమా హాలు. కుర్చీలు పీకేశారు గానీ నేల వాలు అలాగే ఉంచారు. వాయించేవాళ్ళలో ముగ్గురు హాడ్జెస్ అన్నదమ్ములు: టీనీ గిటారు, ఛార్లెస్ ఆర్గాను, లెరాయ్ బేసు. డ్రమ్స్ మీద ఒకసారి హోవార్డ్ గ్రైమ్స్, ఒకసారి అల్ జాక్సన్. వెనక గొంతులు రోడ్స్, చామర్స్, రోడ్స్ అనే ముగ్గురివి. ఏళ్ళ తరబడి అదే గది, అదే మనుషులు. పాట పాటకీ కీబోర్డు ప్లేయర్ మారే మన పద్ధతికి ఇది పూర్తిగా తిరగబడ్డ పద్ధతి. ఆ రికార్డుల్లో ఎవరూ ఎవరినీ తొక్కకపోవడానికి సగం కారణం ఇదే.

అప్పట్లో అల్ గ్రీన్ అందరిలాగే గట్టిగా పాడేవాడు. ఆనాటి సోల్ గాయకులు ఓటిస్ రెడ్డింగ్‌లా, విల్సన్ పికెట్‌లా ఛాతీ పగిలేట్టు. మిచెల్ వద్దన్నాడు. తగ్గించు, ఇంకా తగ్గించు అని పట్టుబట్టాడు. 1971 చివర్లో విడుదలై 1972 ఫిబ్రవరిలో అమెరికాలో మొదటి స్థానానికి వెళ్ళిన ‘లెట్స్ స్టే టుగెదర్’ ఆ పోరుకు ఫలితం. మాటలు నిమిషాల్లో పుట్టాయి, గొంతు మాత్రం రోజుల తరబడి పట్టింది. అల్ గ్రీన్‌కి ఆ టేకు నచ్చనే లేదు, మరీ పల్చగా ఉందని. మిచెల్ మాటే నెగ్గింది.

ఆ పాట మూడుంబావు నిమిషాలు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మూడుసార్లు వినండి. మొదటిసారి డ్రమ్స్ ఒక్కటే. స్నేర్ డ్రమ్ము కణంగుమని మోగదు, టామ్ డ్రమ్ము కూడా కలిసినట్టు మందంగా పడుతుంది. పైన మెరుపు లేదు. రెండోసారి ఆర్గాను ఒక్కటే. ఎక్కడ వినబడటం లేదో గమనించండి, చాలాచోట్ల వినబడదు. మూడోసారి గొంతు. పల్లవికి ముందు ఎక్కడా ఆయన పూర్తి గొంతు విప్పడు. మాట చివర ఊపిరితో వదిలేస్తాడు, అక్కడక్కడా దొంగ గొంతులోకి (ఫాల్సెటో, పూర్తి గొంతుకి పైన పల్చగా పలికేది) జారి తిరిగి వస్తాడు. వెనక వినిపించే మగ గొంతుల్లో కొన్ని ఆయనవే, వేరే ట్రాకుల మీద పాడి కలిపినవి.

దీన్ని మన హాల్లో చెయ్యబోతే మొదట వచ్చే సమస్య గొంతుది కాదు, మైకుది. మెల్లగా పాడితే వినబడదు. వినబడాలని ఆపరేటర్ గెయిన్ (మైకు శబ్దం పెంచే గుండీ) పెంచుతాడు. వెంటనే మైకు కూత పెడుతుంది. దాంతో మెల్లగా పాడటం మనకి కుదరదు అనే తీర్మానానికి వచ్చేస్తారు. తప్పు స్పీకర్ల స్థానంలో ఉంటుంది. చాలా చర్చిల్లో సౌండ్ బాక్సులు క్వయర్ వెనక గోడకి బిగించి ఉంటాయి, అంటే బాక్సు నేరుగా మైకు మూతిలోకి పాడుతోంది. బాక్సులు మైకుల వరస కన్నా కనీసం నాలుగైదు అడుగులు ముందుకి, సభ వైపు తిరిగి ఉండాలి. మానిటర్ (గాయకుడికి తన పాట వినిపించే బాక్సు) ఉంటే ఎస్‌ఎం58 లాంటి కార్డియాయిడ్ (ముందువైపే ఎక్కువ వినే) మైకుకి సరిగ్గా వెనక, గాయకుడి ముఖం ఎదురుగా నేలమీద పెట్టాలి. ఆ మైకు అతి తక్కువ వినేది తన వెనకవైపే. ఇంకా ఇరుకుగా వినే సూపర్ కార్డియాయిడ్ రకమైతే చెవిటి చోటు వెనక కాదు, రెండు పక్కలా వెనక్కి సుమారు 120 డిగ్రీల దగ్గర. మానిటర్ అటు జరపాలి. మైకు జాలీని గుప్పెట్లో మూసి పట్టుకునే అలవాటు ఉన్నవాళ్ళకి ఇవేవీ పనిచెయ్యవు. జాలీ మూస్తే ఏ మైకైనా అన్ని వైపులా వింటుంది.

తర్వాత దూరం. మెల్లగా పాడే చోట పెదవులకీ జాలీకీ మధ్య రెండు వేళ్ళ సందు. పల్లవి ఎత్తుకున్నప్పుడు జానెడు. దూరం రెట్టింపు అయిన ప్రతిసారీ మట్టం సుమారు 6 డెసిబెల్స్ పడుతుంది, కాబట్టి చెయ్యి కదిలించడమే ఒక కంట్రోలు. దగ్గరగా పాడితే బేసు పెరుగుతుంది. హెడ్‌ఫోన్‌లో అది వెచ్చగా ఉంటుంది గానీ, నాలుగు వైపులా సున్నం గోడలున్న హాల్లో మాట మునిగిపోతుంది. మిక్సర్‌లో లో కట్ బటన్ నొక్కి ఉంచండి, 80 నుంచి 100 హెర్ట్జ్ కింద అనవసరం. ఇంకా బురదగా ఉంటే ఈక్వలైజర్‌లో 250 హెర్ట్జ్ దగ్గర 3 డెసిబెల్స్ తీసేయండి. ‘ప్రభువా’, ‘పరిశుద్ధుడా’ అన్న ప్రతిసారీ ఢబ్బుమంటుంటే ఈక్వలైజర్ జోలికి పోవద్దు. మైకుని నోటికి సూటిగా కాకుండా గడ్డం వైపు నుంచి 45 డిగ్రీల వాలుగా పట్టుకుంటే గాలి పక్కనుంచి పోతుంది. మన ఆరాధన మాటల్లో ప, భ, ఫలు ఎక్కువ కాబట్టి ఈ ఒక్క అలవాటు చాలా ఇబ్బంది తప్పిస్తుంది.

కంప్రెసర్ (గట్టి చోట్ల శబ్దాన్ని అణిచే పరికరం) ఉంటే నిష్పత్తి 3:1, గట్టి చోట 4 నుంచి 6 డెసిబెల్స్ తగ్గేలా. యామహా ఎంజీ రకం మిక్సర్లలో ఒకే గుండీ ఉంటుంది. దాన్ని సగం దాటించకండి. దాటిస్తే గాయకుడు ఊపిరి పీల్చిన ప్రతిసారీ ఫ్యాన్ల హోరు పైకి లేస్తుంది. మే నెలలో గుంటూరు చర్చిలో ఫ్యాన్లు ఆపమని అడిగే ధైర్యం ఎవరికీ లేదు కదా.

ఎకో గురించి ఎంత చెప్పినా తక్కువే. అల్ గ్రీన్ రికార్డుల్లో గొంతు దాదాపు పొడిగా, మన ముఖం ముందు ఉంటుంది. మన దగ్గర రిపీట్ గుండీ మూడొంతులు తిప్పేసి, దానిమీద హాలు సొంత మోత, దానిమీద కీబోర్డు రివర్బ్ (హాలు మోత ఎఫెక్టు). ఇంత గుజ్జులో మెల్లని గొంతు బతకదు. ఎకో కావాలంటే లెక్కతో పెట్టండి: 60,000ని పాట వేగంతో (నిమిషానికి ఎన్ని బీట్లో దాంతో) భాగిస్తే ఒక బీటుకి మిల్లీసెకన్లు వస్తాయి. వేగం 100 అయితే 600. ఒక్క రిపీట్, రెండోది వినీ వినబడనట్టు. పాట ఆగి ప్రార్థన మొదలవగానే సున్నా.

ఇక తాళం. ‘లెట్స్ స్టే టుగెదర్’ వేగం నిమిషానికి సుమారు 102. లయ నాలుగు బీట్లు, బరువు రెండో దాని మీదా నాలుగో దాని మీదా. మన సభ చప్పట్లు ఒకటి, మూడు మీద పడతాయి. ఇది లోపం కాదు, వేరే సంగీతం అలవాటైన చేతులు. కానీ సోల్ పాటకి ఒకటి మీద చప్పట్లు పడితే పాట బ్యాండు మేళంలా అయిపోతుంది. క్వయర్‌కి అలవాటు చెయ్యాలంటే మెట్రోనోమ్‌ని పాట వేగంలో సగానికి పెట్టండి, 100కి బదులు 50. ఆ క్లిక్కుని ఒకటిగా కాకుండా రెండు, నాలుగుగా లెక్కపెట్టి పాడాలి. మొదట్లో అందరూ తిరగబడి ఒకటి మీదికి వచ్చేస్తారు. అప్పుడు ఆపి, పాడకుండా ఒట్టి లెక్క నోటితో చెప్పించి మళ్ళీ ఎత్తుకోవాలి. ఇది కుదిరాకే బీటుకి ఒక వెంట్రుకవాసి వెనక పాడటం గురించి మాట్లాడుకోవాలి. అల్ గ్రీన్ వెనకపడినట్టు వినిపిస్తాడు గానీ, డ్రమ్స్ ఎప్పుడూ వెనకపడవు.

నెమ్మది గాస్పెల్ పాటలు ఎక్కువగా సిక్స్-ఎయిట్ నడకలో, అంటే ఆరు లెక్కల్లో ఉంటాయి. ఇక్కడ మనకి ఆరు మాత్రల దాద్రా తాళం చేతికొచ్చిన విద్య కాబట్టి ప్యాడ్స్ (ఎలక్ట్రానిక్ డ్రమ్స్) వాయించేవాళ్ళు హాయిగా అందులోకి దిగిపోతారు. ధా ధి నా, ధా తు నా అని నింపేస్తారు. నింపకూడదు. ఒకటి మీద కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము), నాలుగు మీద స్నేర్, ఆరింటి మీదా మెల్లగా హై హ్యాట్ తాళాలు, అంతే. రోల్స్ పల్లవికి ముందు ఒక్కటి. ప్యాడ్స్‌లో స్నేర్ శబ్దం పల్చగా ఉంటే పిచ్ ఒకటి రెండు మెట్లు దించి, డికే (మోత ఆగడానికి పట్టే సమయం) తగ్గించండి. రాయల్ స్టూడియో మోతకి కొంత దగ్గరవుతుంది. కీబోర్డు ఇండియన్ స్టైల్స్ మీద ఆధారపడేవాళ్ళు కనీసం ఆటో అకంపనిమెంట్‌లో స్ట్రింగ్స్, గిటారు పార్టులు ఆపేసి డ్రమ్స్, బేసు మాత్రం ఉంచుకోవాలి.

ఆర్గాను టోన్‌కి మొదటి మూడు డ్రాబార్లు (టోన్‌లో ఏది ఎంత కలపాలో నిర్ణయించే లాగుడు కడ్డీలు) 8, మిగతావి సున్నా. మామూలు కీబోర్డులో డ్రాబార్లు ఉండవు కాబట్టి రోటరీ (తిరిగే స్పీకర్ ఎఫెక్టు) ఉన్న టోన్ వెతకండి. ఆ ఎఫెక్టుకి మూలమైన లెస్లీ స్పీకర్‌లో తిరిగే హారన్ నెమ్మదిగా ఉన్నప్పుడు నిమిషానికి 50 చుట్ల లోపు, వేగంగా ఉన్నప్పుడు సుమారు 400. చరణం అంతా నెమ్మది, పల్లవి చివరి వాక్యంలోనే వేగం. ఎప్పుడూ వేగంలోనే వదిలేస్తే జాతర రంగులరాట్నం పక్కన నిలబడ్డట్టు ఉంటుంది. బేసు ప్లేయర్ ఉన్నప్పుడు ఎడమచెయ్యి జేబులో పెట్టుకోవడం మంచిది.

స్వరాల సంగతి కర్ణాటకం కాస్త తెలిసినవాళ్ళకి తేలిక. సోల్ గాయకుల ఆలాపనలో ఎక్కువ భాగం శుద్ధ ధన్యాసి స్వరాలు: స గ మ ప ని, గాంధారం సాధారణం, నిషాదం కైశికి. చిక్కు ఎక్కడంటే కింద కీబోర్డు మేజర్ కార్డు పట్టుకుని ఉంటుంది, అంటే అంతర గాంధారం. గొంతులో గాంధారం ఆ రెంటికీ మధ్య నుంచి పైకి జారుతుంది. మనవాళ్ళు దీన్ని గమకంలా ఊపుతారు. ఊపితే మన రాగం అయిపోతుంది. కింద నుంచి ఒక్క జారు, అక్కడే ఆగడం. సంతోషపు పాటల్లో మోహన స్వరాలు వాడి, వాక్యం చివర్లో మాత్రం సాధారణ గాంధారం తాకి వదలడం ఇంకో పద్ధతి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట పైనే రాగం, తాళం వేసి ఉంటాయి. మోహన అని ఉన్న కీర్తన ఏదైనా ఎంచుకుని ఈ నడకలో పాడి చూడొచ్చు. 1842లో లూథరన్ మిషనరీ హయ్యర్ దొర గుంటూరు వచ్చిన దగ్గర్నుంచి ఇక్కడి ఆరాధనలో రెండు సంగీతాలు పక్కపక్కనే నడుస్తున్నాయి, మూడోదానికి చోటు లేకపోదు.

శ్రుతి దించడానికి మాత్రం పోట్లాట తప్పదు. తెనాలి, గుంటూరు చుట్టుపక్కల పద్య నాటకం విన్న చెవులు ఇవి. మైకు సరిగ్గా లేని రోజుల్లో ఆఖరి వరసకి పద్యం చేరాలంటే ఎత్తు శ్రుతే దిక్కు. ఆ రుచి చర్చిలోకీ వచ్చింది. పాట అత్యున్నత స్వరం గాయకుడి పూర్తి గొంతు పైఅంచు దగ్గర పెడతారు. అల్ గ్రీన్ పద్ధతికి దాన్ని మూడు నాలుగు అరస్వరాలు కిందికి దింపాలి, అప్పుడే చరణం మెల్లగా పాడటానికి కింద చోటు, పైన దొంగ గొంతులోకి జారడానికి చోటు మిగులుతాయి. ట్రాన్స్‌పోజ్ బటన్ ఉన్నది అందుకే. పెద్దవాళ్ళు పాట చప్పబడింది అంటారు. చరణంలో నిజంగానే చప్పబడాలి.

ఇప్పుడు మళ్ళీ ఆయన జీవితానికి. ఈ కథ చెప్పేవాళ్ళు ఎక్కువమంది వరస తారుమారు చేస్తారు. 1974 అక్టోబరులో మెంఫిస్ ఇంట్లో ఒక స్త్రీ ఆయన మీద సలసల కాగే మొక్కజొన్న రవ్వ జావ పోసింది. వీపు, పొట్ట, చేతులు కాలిపోయాయి. ఆమె అప్పుడే తుపాకీతో ప్రాణం తీసుకుంది. ఆ దెబ్బతో మారుమనస్సు పొంది పాస్టర్ అయ్యాడని సాక్ష్యంలా చెప్పేస్తారు. ఆయన తిరిగి జన్మించానని చెప్పుకున్న అనుభవం 1973ది, కాలిఫోర్నియాలో కచేరీ తర్వాత ఒక రాత్రి. జావ ఘటన అంతకు ఏడాది తర్వాత. 1976లో మెంఫిస్‌లో ఫుల్ గాస్పెల్ టాబర్నాకిల్ అనే చర్చి కట్టడం కొని పాస్టర్ అయ్యాడు. అప్పటికీ ప్రేమ పాటలు మానలేదు. 1979లో సిన్సినాటి స్టేజీ మీద నుంచి పడి దెబ్బలు తగిలాక, అదే హెచ్చరిక అనుకుని గాస్పెల్‌కి మళ్ళాడు. ఒక్క మెరుపులో జరిగింది కాదు, ఆరేళ్ళు పట్టింది. ఆ తర్జనభర్జన పాటల్లో వినిపిస్తుంది కాబట్టి వరస ముఖ్యం.

అసలు గాస్పెల్ ఆయన్ని విడిచిపోయిందే లేదు. 1971 ఆల్బంలో ‘గాడ్ ఈజ్ స్టాండింగ్ బై’ ఉంది. 1973లో వచ్చిన ‘కాల్ మీ’ ఆల్బం ‘జీసస్ ఈజ్ వెయిటింగ్’తో ముగుస్తుంది. అదే ఏడు ఇంకో ఆల్బంలో ‘మై గాడ్ ఈజ్ రియల్’. 1974లో టీనీ హాడ్జెస్‌తో కలిసి రాసిన ‘టేక్ మీ టు ద రివర్’లో నదిలో ముంచి కడగమని అడుగుతాడు, అది బాప్తిస్మమా, ప్రేయసి గొడవా తేల్చడు. 1978లో టాకింగ్ హెడ్స్ అనే రాక్ బృందం పాడి దాన్ని ఇంకో లోకానికి తీసుకుపోయింది. కృష్ణలో బాప్తిస్మాలు చూసి పెరిగిన బెజవాడవాళ్ళకి ఆ పాట ఏ అమెరికన్ విమర్శకుడి సాయమూ లేకుండా అర్థమవుతుంది.

1977 నాటి ‘ద బెల్ ఆల్బం’ దగ్గర ఆగాలి. మిచెల్ లేడు, పాత బ్యాండు లేదు, ప్రొడ్యూసర్ తానే, కొన్నిచోట్ల గిటారు కూడా తానే. పేరు పాటలో ఒక స్త్రీకి ఎంతో మర్యాదగా చెబుతాడు, మనసు నీ మీదే ఉంది గానీ నాకు ఆయన, అంటే దేవుడు, లేనిదే గడవదని. గట్టిగా చెప్పాల్సిన మాటని ఇంత మెల్లగా చెప్పిన పాట ఇంకోటి దొరకదు. నా మాట వింటే ముందు దీన్నే వినండి, హిట్లు తర్వాత.

1980లో ‘ద లార్డ్ విల్ మేక్ ఎ వే’తో పూర్తి గాస్పెల్ ఆల్బంలు మొదలయ్యాయి, దానికి గ్రామీ (అమెరికా సంగీత అవార్డు) వచ్చింది. ఆయనకొచ్చిన గ్రామీల్లో ఎక్కువ ఈ గాస్పెల్ రోజులవే. ప్రేమ పాటల ఉచ్ఛ దశలో ఒక్కటీ రాలేదు. అమ్మకాలు మాత్రం పడిపోయాయి. సంగీతపరంగా ఆ ఆల్బంలు అన్నీ గొప్పవని చెప్పలేను. 1980ల సింథసైజర్లు, మెరిసే డ్రమ్స్ కొన్నింటిని పాడుచేశాయి. 1985లో విల్లీ మిచెల్ మళ్ళీ కలిసి చేసిన ‘హీ ఈజ్ ద లైట్’ మేలు. ఆయన ఆరాధన ఎలా నడిపిస్తాడో చూడాలంటే 1984లో రాబర్ట్ మగ్గీ తీసిన డాక్యుమెంటరీ ఉంది. ప్రసంగం మధ్యలో మాట ఎప్పుడు పాటవుతుందో, బ్యాండు ఎలా కనిపెట్టి కిందికి దిగుతుందో కీబోర్డు వాళ్ళు నోట్సు రాసుకుని చూడాలి. అక్కడా కేకలున్నాయి. వాటికి ముందు ఎంతసేపు గొంతు బిగబట్టాడో గడియారం పెట్టి కొలవండి.

తర్వాత మళ్ళీ లోకపు పాటలకీ తలుపు తెరిచాడు. 1988లో గాయని ఆనీ లెనాక్స్‌తో యుగళగీతం, 1995లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు, 2003లో మిచెల్‌తో ‘ఐ కాన్ట్ స్టాప్’, 2008లో ‘లే ఇట్ డౌన్’. ఆ చివరిదాంట్లో అరవై దాటిన గొంతు ఎత్తులు కాస్త పోగొట్టుకుని ఊపిరి మీద ఇంకా ఎక్కువ ఆధారపడుతుంది. వయసు మీద పడ్డ క్వయర్ లీడర్లకి అది మంచి పాఠం. మిచెల్ 2010 జనవరిలో పోయాడు.

క్వయర్ సాధనకి వాడుకోవాలనుకునేవాళ్ళు ఒకే పల్లవిని మూడు మట్టాల్లో పాడించండి: పక్కనున్న మనిషికి చెప్పినట్టు, గదికి చెప్పినట్టు, హాలుకి చెప్పినట్టు. ఫోన్‌ని ఆరడుగుల దూరంలో పెట్టి రికార్డు చేస్తే మొదటి మట్టంలో శ్రుతి పడిపోవడం వెంటనే దొరుకుతుంది. మెల్లగా పాడగానే ఊపిరి ఒత్తిడి కూడా వదిలేయడం వల్ల అలా జరుగుతుంది. పొట్ట పట్టు గట్టి పాటకి ఎంతో మెల్లని పాటకీ అంతే ఉండాలి. తగ్గేది గొంతు మోత ఒక్కటే. మొదటి మట్టం శ్రుతిలో నిలబడే వరకు మూడోది పాడించకండి. ఆల్టో (కింది ఆడ గొంతు), టెనార్ (పై మగ గొంతు) వాళ్ళకి ఇది సోప్రానో (పై ఆడ గొంతు) కన్నా ఆలస్యంగా వస్తుంది, ఎందుకంటే వాళ్ళు తమ స్వరాన్ని గట్టిగా పాడి పట్టుకోవడానికి అలవాటుపడ్డారు. వాళ్ళ వరసని కీబోర్డు మీద విడిగా మెల్లగా వినిపిస్తూ పాడిస్తే దారిలోకి వస్తారు.